ఆ మూడు సీసాలు తెరిచింది నేను

గింజా! ఒసేయ్ గింజా, వింటున్నావా? నీ వాళ్ళంతా వచ్చారే. కుర్చీలు చాలక సగంమంది వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. నువ్వుంటే ఈపాటికి పక్కగదిలోంచి స్టూళ్ళు మోసుకొస్తూ ఉండేదానివి.

దానికి పని నేర్పిన మేడమ్ గారికి, నా కూతురితో కలిసి పనిచేసిన పిల్లలందరికీ, ఈ ల్యాబులో గాజు సామాను కడిగే పెద్దమ్మకి, పని మానుకుని వచ్చిన మా వీధి టైలరన్నయ్యకి, వదినకి, ఆస్పత్రిలో దాన్ని కసురుకోకుండా చూసుకున్న నర్సమ్మకి దండాలు. రెండో వరసలో తల వంచుకుని కూర్చున్నాయన దాని నాన్న. బస్సు డిపోలో మెకానిక్. పందొమ్మిది రోజులైంది ఆయన నోరు విప్పి. అందుకని నేను లేచాను.

నేను నాలుగో తరగతి దాకా చదువుకున్నదాన్ని. నిలబడితే మాట తడబడుతుందని కాగితం మీద రాసుకొచ్చాను. నాలుగు రోజులు పట్టింది. చూసి చదువుతాను, ఏమీ అనుకోకండి.

అమ్మా, అయ్యా, మీరంతా దాని గురించి మంచి మాటలే చెబుతారని నాకు తెలుసు. మేడమ్ గారు మా ఇంటికి వచ్చిన రోజున కూడా చెప్పారు. "తన పొరపాటుని తనే ఒప్పుకుని రాసిపెట్టిన పిల్లమ్మా, అలాంటి నిజాయితీ నేను ఎక్కడా చూడలేదు" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. ఆ మాటకి నేను దండం పెట్టలేకపోయాను.

ఎందుకంటే ఆ పొరపాటు దానిది కాదు. నాది.

దాని నోటు పుస్తకం చివరి పేజీలో రాసి ఉంది: "ఆరు నెలల సీసాలకి మూతలు సరిగ్గా బిగించలేదు. గాలి తగిలి పాడయ్యాయి. తప్పు నాది." ఇదే మాట దాని పని గురించిన రిపోర్టులో కూడా ఎక్కిందట. ఆ రిపోర్టు ఎల్లుండి పైవాళ్ళకి వెళ్తుందట. వెళ్తే ఇక మార్చడం కుదరదట. ఇరవై తొమ్మిదేళ్ళు బతికిన పిల్ల పేరు మీద చివరికి మిగిలేది ఆ ఒక్క మాట. అది అబద్ధం. నా కూతురు తన జన్మలో రాసిన ఒకే ఒక్క అబద్ధం. దాన్ని కొట్టేయించడానికే ఇలా నిలబడ్డాను.

మొదటి నుంచి చెప్పనివ్వండి. లేకపోతే మీకు అర్థం కాదు.

మీరు దాన్ని ఇక్కడ పిలిచే పేరు వేరు. నాకు మాత్రం అది గింజ. నెలలు నిండకుండా పుట్టింది. మా అత్తగారు గుడ్డ తీసి చూసి, "ఇదేంటే, పిల్లా గింజా?" అంది. అప్పటికి బతుకుతుందో లేదో తెలియదు, అయినా నవ్వొచ్చింది. అదే పేరైపోయింది. పుట్టినప్పుడు దక్కింది కాబట్టి ఇక పోదనుకున్నాను. అంత తెలివితక్కువగా అనుకున్నాను.

బస్టాండు ఎదురుగా మాది పళ్ళరసం బండి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. బడి లేని రోజున అది నా కాళ్ళ దగ్గర కూర్చునేది. ఎనిమిదేళ్ళప్పుడు ఒకరోజు, "అమ్మా, పొద్దున ఎర్రగా ఉన్న రసం మధ్యాహ్నానికి ఇలా మట్టిరంగు ఎందుకయింది?" అంది. "ఎండకి కందిందే" అన్నాను. అది ఊరుకుందా? నాకు చెప్పకుండా నాలుగు గ్లాసుల్లో రసం పోసి, ఒకటి ఎండలో పెట్టింది, ఒకటి నీడలో పెట్టింది, ఒకదాని మీద పళ్ళెం మూసింది, ఒకదానికి నల్లగుడ్డ చుట్టింది. ఇంతలో ఒక డ్రైవరు హడావుడిగా వచ్చి, ఎదురుగా కనిపించిన ఎండలో గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. తాగి మొహం చిట్లించి, "ఏంటమ్మా ఇది? రసమా, రేడియేటర్ నీళ్ళా?" అన్నాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇది మాత్రం ఆయన చొక్కా పట్టుకుని, "అంకుల్, పుల్లగా ఉందా, చేదుగా ఉందా? సరిగ్గా గుర్తు చేసుకుని చెప్పండి" అంటోంది! ఆయన పగలబడి నవ్వాడు. "నీ కూతురు నన్ను ఎలకని చేసిందమ్మా" అన్నాడు. ఆ తర్వాత కూడా వస్తుండేవాడు. రాగానే "ఇవాళ నా మీద పరీక్షలేమైనా ఉన్నాయా డాక్టరమ్మా?" అనేవాడు.

అప్పుడు పట్టుకున్న ప్రశ్నని అది వదల్లేదు. ఎండకి కందడమంటే ఏమిటి? లోపల ఏది పోతోంది? పోకుండా ఆపగలమా?

దాని చదువు నాకేం తెలుస్తుంది చెప్పండి. కానీ అది నాకు అర్థమయ్యేలా చెప్పేది. నల్లద్రాక్ష తొక్కలో ఒక రంగు ఉంటుందట. పండులోని మంచిలో చాలావరకు ఆ రంగులోనే ఉంటుందట. యాంటీఆక్సిడెంట్లు అంటారు. ఆ మాట నోరు తిరగడానికే నాకు నెల పట్టింది. గాలి తగిలినా, వెలుతురు పడినా, వేడెక్కినా అది చచ్చిపోతుంది. అందుకని గింజ ఏం చేసేదంటే, ఆ రసాన్ని కంటికి కనపడనంత చిన్న చిన్న చుక్కలు చేసి, ఒక్కో చుక్కకి ఒక తొడుగు వేసేది. ప్లాస్టిక్కు కాదు, మందు కాదు. చెట్టు జిగురు, బఠాణీల్లోంచి తీసిన పిండి. మనం తినగలిగేవే. "చలికి పిల్లలకి చొక్కా వేస్తాం కదమ్మా, అలా చుక్కకి చొక్కా" అనేది. "కోటి చుక్కలకి కోటి చొక్కాలు కుట్టే టైలరు ఎక్కడే?" అని మా టైలరన్నయ్య వేళాకోళం చేసేవాడు. "నేనే మావయ్యా, నీ పోటీదారుని" అనేది.

ఒకసారి నన్ను ఇక్కడికి తీసుకొచ్చి ఆ మెషిన్ చూపించింది. నిలువెత్తు స్టీలు గరాటులా ఉంది. పైనుంచి రసం మంచులా చిమ్ముతుంది, లోపల సెగలు కక్కే గాలి. నేను గుండె బాదుకున్నాను. "వేడికి చస్తుందని నువ్వే అన్నావు కదే, మళ్ళీ నువ్వే పొయ్యిలో పోస్తున్నావేంటే?" అన్నాను. అది నా భుజం మీద గడ్డం ఆనించి చెప్పింది: "నీళ్ళు ఆవిరయ్యేంతసేపే అమ్మా. వేడి లోపలికి దిగేలోపు చుక్క కింద పడిపోతుంది. క్షణం కూడా పట్టదు." కింద గాజు జాడీలో ఊదారంగు పొడి పడుతోంది, మెత్తగా, మొహానికి రాసుకునే పౌడరులా.

ఆ పొడి ఊరికే రాలేదు. ఏడాదిన్నర పాటు రసం మెషిన్ గోడకి పాకంలా అతుక్కుపోయేది. పండులో తీపి ఉంటుంది కదా, అది వేడికి జిగటై పట్టుకునేదట. ఇది లోపలికి చేయి పెట్టి గోకేది. గోళ్ళన్నీ ఊదారంగు. ఇక్కడి పిల్లలు "అక్కా, పొడి రాకపోతే పోనీ, జిగురు సీసాల్లో నింపి అమ్ముకుందాం" అని ఆటపట్టించేవారట. ఎవరన్నారో నాకు తెలుసు, మూడో కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నావే, నువ్వే. ఏడవకు నాన్నా. అది ఇంటికొచ్చి ఆ మాట చెప్పి చెప్పి నవ్వింది.

తొక్కలు మా బండివే. సాయంత్రం నేను పారేసేవన్నీ బకెట్లో నింపుకుని బస్సెక్కేది. కండక్టరు "ఏంటమ్మా, ఇంత చదువు చదివి చెత్త మోస్తున్నావా?" అంటే, "చెత్త మీకండీ, మా ఇద్దరికీ అన్నం ఇదే" అనేదట. ఇద్దరికీ అంటే దానికీ నాకూ.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పకపోతే నేను చేసిన పని ఎంత తప్పో మీకు తెలియదు. కిందటేడు ఒక వ్యాపారి వచ్చాడు. పెద్ద కారులో మా బండి దగ్గరికే వచ్చాడు, దాన్ని వెతుక్కుంటూ. ఆ పొడి తనకి కావాలన్నాడు. డబ్బా మీద "రక్తశుద్ధి చేస్తుంది, గడ్డలు కరుగుతాయి, సకల రోగాలు పోతాయి" అని వేస్తానన్నాడు, నువ్వు సరేనంటే చాలన్నాడు. ఇది చేతిలో ఉన్న కత్తి పక్కన పెట్టి, చాలా మర్యాదగా, "పండు పండేనండీ, మందు కాదు. నేను పండుని పండులా నిలబెడుతున్నాను, అంతే. రోగమున్నవాడు మీ డబ్బా చూసి ఆస్పత్రికి వెళ్ళడం మానేస్తే, ఆ పాపం నాకొద్దు" అంది. ఆయన నావైపు తిరిగి, "చూశావామ్మా, మీ అమ్మాయికి బతకడం చేతకాదు" అన్నాడు.

బతకడం చేతకాదన్నాడు. ఎలా అన్నాడో చూడండి. ఆ రోజు నేను కూడా దాన్నే తిట్టాను.

పండు పండే, మందు కాదు. ఆ మాట నేను నా చెవులారా విన్నాను. విని కూడా నేనేం చేశాను?

మెషిన్ పని అయ్యాక చివరి పరీక్ష మిగిలింది. పొడిని సీసాల్లో పోసి ఆరు నెలలు ఉంచాలి. రెండు నెలలకి మూడు సీసాలు, నాలుగు నెలలకి మూడు, ఆరు నెలలకి మూడు తెరిచి, లోపల ఎంత మిగిలిందో మెషిన్లో కొలవాలి. మేడమ్ గారు ఇక్కడి బీరువాలో పెట్టమన్నారట. ఇది ఒప్పుకోలేదు. "రేపు దీన్ని వాడుకునేవాళ్ళు బీరువాలో పెట్టరు మేడమ్, వంటింట్లో పెడతారు. పొయ్యి సెగ, ఆవిరి, తడిచేతులు, అక్కడ నిలిస్తేనే నిలిచినట్టు" అని, తొమ్మిది సీసాలు తెచ్చి మా వంటింటి అరలో పెట్టింది. "అమ్మా, ఇవి నీ ఉప్పుడబ్బాలు కావు. ఒక్కసారి మూత తీస్తే తడి పీల్చుకుంటాయి, ఇక ఆ సీసా లెక్కలోకి రాదు" అంది. నేను వాటిని కంటికి రెప్పలా చూసుకున్నాను. మా వదిన "మొహానికి రాసుకుంటానే, చిటికెడివ్వు" అంటే కూడా ఇవ్వలేదు. అడగండి, ఇక్కడే ఉంది.

రెండో నెల సీసాలు బాగున్నాయి. పోలికకని విడిగా ఉంచిన తొడుగు లేని పొడి అప్పటికే మట్టిరంగుకి తిరిగింది, ఇదేమో ద్రాక్షతొక్క రంగులోనే ఉంది. నాలుగో నెల సీసాలూ బాగున్నాయి. ఆరో నెల గడిస్తే పని నెగ్గినట్టే అంది.

ఐదో నెలలో అది మెట్ల మీద కూలబడింది.

అలసట అనుకున్నాం. పని ఎక్కువై అనుకున్నాం. అంతకు ముందే నెలల తరబడి టిఫిన్ డబ్బా పెట్టింది పెట్టినట్టే ఇంటికి వచ్చేది. నేను తిట్టేదాన్ని, "లోకానికంతా పళ్ళు దాచిపెడతావు, నీ నోట్లోకి ముద్ద దిగదేమే?" అని. రక్తంలో జబ్బన్నారు. తిండి మానేయడం వల్ల వచ్చింది కాదమ్మా అని డాక్టరు గారు నాకు మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ సరేనన్నాను. ఈ తల్లి మనసుకి ఆ మాట ఎక్కుతుందా?

ఆస్పత్రిలో పదకొండో రోజున అది మంచినీళ్ళు కూడా కక్కేసింది. పక్క మంచం ఆవిడ చుట్టం ఒకామె, "నల్లద్రాక్ష రక్తానికి మంచిదక్కా" అంది. అంతే. నా బుర్రలో ఒక్కటే తిరిగింది. మా ఇంట్లో అరలో ఉందే! వేల తొక్కల బలం, నా కూతురు తన చేత్తో చొక్కాలు తొడిగి దాచిన బలం, మూడు సీసాల్లో ఉందే! ఆరు నెలలకి ఇంకా పదిహేడు రోజులుంది. ఉంటే ఉండనీ. పిల్ల కంటే పరీక్ష ఎక్కువా?

ఇంటికి పరిగెత్తాను. మూతలు రాలేదు. ఎంత బిగించిందో! గుడ్డ చుట్టి, పళ్ళు కొరికిపట్టి తిప్పితే ఒక్కోటి వచ్చింది. మూడు సీసాలూ తెరిచి, మోసుకెళ్ళడానికి వీలుగా ఉంటుందని ఒకే స్టీలు డబ్బాలో పోశాను. బండి దగ్గర ఎప్పుడూ నేను చేసేదే అది, కొంచెం కొంచెం మిగిలినవన్నీ ఒకదాంట్లోకి వొంపేయడం. ఒక్క సీసా తెరిచి ఊరుకున్నా రెండు మిగిలేవి. నాకు ఆ తెలివి లేకపోయింది.

గ్లాసులో కలిపి తీసుకెళ్ళాను. అది గ్లాసు చూసింది. రంగు చూసింది. నేనేం చెప్పక్కర్లేకపోయింది.

"ఏ సీసా అమ్మా?" అంది.

"మూడూ" అన్నాను.

కళ్ళు మూసుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కాసేపటికి కళ్ళు తెరిచి, "తీసినప్పుడు గడ్డకట్టి ఉందా?" అంది. "లేదే, పొడిపొడిగా ఉంది" అన్నాను. "రంగు?" అంది. "తొక్క వలిచినప్పటి రంగే" అన్నాను. "నిజంగా?" అంది. "నీ మీద ఒట్టు" అన్నాను. అది నవ్వింది. దాని మొహంలో నేను చూసిన చివరి నవ్వు అదే. లేచి కూర్చుని, కక్కేస్తానని తెలిసి కూడా, ఆ గ్లాసంతా తాగింది. "బాగుందమ్మా" అంది.

తర్వాత నోటు పుస్తకం అడిగి నాలుగు ముక్కలు రాసుకుంది. ఏంటే అంటే, "ఏం లేదు, నా లెక్కలు" అంది. నేను నమ్మాను. తొమ్మిది రోజులకి పోయింది.

సామాన్లు సర్దుతుంటే పుస్తకం దొరికింది. వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. మూతలు సరిగ్గా బిగించలేదు. తప్పు నాది. ఎందుకు రాసిందో మీకు వేరే చెప్పాలా? ఇక్కడ ఎవరూ "ఆవిడ చదువులేని మనిషి, కూతురి పని పాడుచేసింది" అనకూడదని. నాకూ ఒక తొడుగు వేసి పోయింది.

నాకొద్దు. ఆ తొడుగు నాకొద్దు మేడమ్ గారూ.

మళ్ళీ చేస్తామన్నారు. చేయండి. ఆ పిల్లల చేతులు చల్లగా ఉండాలి. కానీ అది వేరే పొడి, వేరే సీసాలు. నా గింజ తొడిగినవి ఆరు నెలలు నిలిచాయో లేదో ఇక ఎవరికీ తెలియదు. మీకు తెలియదు, నాకు తెలియదు. దానికి తెలియకుండానే పోయింది. రంగు బాగుందని నేను ఎంత ఒట్టేసినా నా కళ్ళు మీ మెషిన్ కాదు కదా. కూతుర్ని దక్కించుకోలేదు, దాని పనినీ దక్కనివ్వలేదు. కాలం మాన్పుతుందంటున్నారు నాతో. మానకూడదనే ఉంది నాకు. మానిపోతే ఇక దాని కోసం నా దగ్గర ఏముంటుంది?

వీధిలో ఇద్దరు ముగ్గురు అడిగారు, "ఆ పొడి ముందే పట్టించి ఉంటే బతికేదేమో" అని. అనకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ మాట ఎవరితోనూ అనకండి. బతికున్నంతకాలం పండు మందు కాదంది, పోయాక దాని పేరు మీదే ఆ మందు మాట అంటగట్టకండి.

నేను అడిగేది ఒక్కటే. ఇదిగో పుస్తకం. ఇక్కడే, అందరి ముందూ, ఆ మూడు ముక్కలూ కొట్టేయండి. రిపోర్టులో కూడా కొట్టేయండి. "మూతలు గట్టిగానే ఉన్నాయి. గడువుకి పదిహేడు రోజుల ముందు తల్లి తెరిచింది" అని రాయండి. కింద సంతకం పెడతాను. వంకరగా వస్తుంది, కానీ పెడతాను. నన్ను ఎవరేమనుకున్నా పరవాలేదు. ఓదార్పులు వద్దు. కలం అందుకోండి మేడమ్ గారూ. నేను నిలబడే ఉంటాను.

ఆవిడ ఆ గీత గీసేదాకా మీరందరూ కూడా దయచేసి లేచి నిలబడండి. ఎవరూ మాట్లాడకండి. నన్ను ఓదార్చకండి. దాన్ని తలుచుకోండి, అంతే.

తర్వాత ఇళ్ళకి వెళ్ళండి. అమ్మాయిలూ, అబ్బాయిలూ, మీకే చెప్పేది, పని ఉందని మెషిన్ దగ్గరికి పోకండి. వేళకి కూర్చుని, కడుపు నిండా తినండి.